తాడు గుంజేది ఎవరు? – గడ్డి మిషను చరిత్ర

ఈసారి చరిత్ర వ్యాసానికి మా క్లాసులో చాలామంది గోండు రాజుల కోట, బల్లార్‌షా, మహాకాళి గుడి, తాడోబా తీసుకున్నారు. నేను గడ్డి కోసే మిషను తీసుకున్నాను. నవ్వినవాళ్ళు నవ్వారు. గడ్డికి కూడా చరిత్రనా అన్నారు. కానీ ఈ ఏడు మన బడి మైదానానికి ఒక గడ్డి మిషను కొనాలని కమిటీలో మాట నడుస్తోంది. ఏది కొనాలి, ఎంత పెద్దది, పెట్రోలుదా కరెంటుదా అని పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం ఒక ప్రశ్న ముందు వచ్చింది. దాన్ని స్టార్ట్ చేసేది ఎవరు? ఈ ప్రశ్న పట్టుకొని వెనక్కి పోతే దాదాపు రెండు వందల ఏళ్ళ చరిత్ర దొరికింది.

మిషను రాకముందు గడ్డి ఎట్లా కోసేవారో మనకు చెప్పనక్కర లేదు. మన దగ్గర కొడవలి. కింద కూర్చొని, ఎడమ చేత్తో పిడికెడు గడ్డి పట్టుకొని, కుడి చేత్తో కోసుకుంటూ ముందుకు జరగడమే. ఇంగ్లండులో పొడుగు కర్రకు వంకర కత్తి కట్టి, నిలబడి, నడుము తిప్పుతూ కోసేవారు. తెల్లవారుజామున మంచు తడి ఉన్నప్పుడే ఆ కత్తి బాగా తెగుతుంది, ఎండెక్కితే గడ్డి వంగిపోతుంది తప్ప తెగదు. అందుకని పెద్ద పెద్ద బంగళాల ముందు పచ్చిక సాఫుగా ఉండాలంటే పొద్దుగాల్నే లేచి కోసే నేర్పున్న కూలీలు చాలామంది కావాలి. అంటే ముందు పచ్చిక అనేది డబ్బున్నవాడి గుర్తు. పండదు, పశువులు మేయవు, ఊరికే చూడటానికి మాత్రమే.

ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ అనే ప్రాంతంలో స్ట్రౌడ్ అనే ఊరు ఉంది. అక్కడ ఉన్ని బట్టల మిల్లులు ఎక్కువ. నేసిన ఉన్ని బట్ట మీద నూగు లేస్తుంది కదా, దాన్ని సమంగా గొరగడానికి మిల్లుల్లో ఒక యంత్రం ఉండేది. ఒక సిలిండరుకు మెలికలుగా బ్లేడ్లు బిగించి తిప్పితే, బట్ట మీది నూగు సమంగా తెగిపోయేది. ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ దాన్ని చూసి, బట్ట నూగు గొరిగేది నేల నూగు ఎందుకు గొరగదు అనుకున్నాడు. 1830 ఆగస్టు 31న పేటెంటు తీసుకున్నాడు. జాన్ ఫెరబీ అనే ఫౌండ్రీ యజమాని పెట్టుబడి పెట్టాడు. పక్కవాళ్ళు చూసి నవ్వుతారని రాత్రిపూట నడిపి చూశాడని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గాని నాకు ఆ కథ ఇష్టం.

మా అమ్మమ్మ వాళ్ళది పద్మశాలి ఇల్లు. నేను ఈ సంగతి చెబితే అమ్మమ్మ ఆశ్చర్యపోలేదు. "మగ్గం కాడికెల్లే అన్నీ వచ్చినయి బిడ్డా" అన్నది. మన తెలుగువాళ్ళు ఎంతమంది మగ్గం వదిలి మిల్లుల కోసం షోలాపూర్, భివండి, ముంబయి పోయారో ఆమెకు తెలుసు. మన పక్కనే నాగపూర్‌లో జంషెట్జీ టాటా ఎంప్రెస్ మిల్లు పెట్టింది 1877లో. అందుకే బట్టల మిల్లులో పుట్టిన మిషను అంటే ఆమెకు దూరపు చుట్టం లాంటిది.

బడ్డింగ్ మిషనులో ఒక గొప్ప సంగతి ఉంది. దాన్ని స్టార్ట్ చేసే పనే లేదు. తోస్తే తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది. చక్రం తిరిగినప్పుడు పళ్ళచక్రాల ద్వారా బ్లేడు సిలిండరు ఇంకా వేగంగా తిరుగుతుంది, అంతే. కానీ అది ఇనుముతో పోత పోసింది కనుక చాలా బరువు. ఒకడు వెనక నుంచి తోస్తే ఇంకొకడు ముందు నుంచి లాగేవాడు. పల్లెల్లోని దొరలకు ఇది సరదా వ్యాయామం అవుతుందని బడ్డింగ్ పేటెంటులో రాసుకున్నాడు. చివరికి తోసింది దొరలు కాదు, వాళ్ళ తోట పనివాళ్ళే.

ఇక్కడ ఒక తారీఖు చెప్పాలి. పేటెంటుకు మూడు రోజుల ముందు, 1830 ఆగస్టు 28 రాత్రి, కెంట్ అనే ఇంకో జిల్లాలో లోయర్ హార్డ్రెస్ అనే పల్లెలో వ్యవసాయ కూలీలు ఒక నూర్పిడి మిషనును విరగ్గొట్టారు. చలికాలమంతా ధాన్యం నూర్చే పని మీదనే వాళ్ళు బతికేవారు. మిషను వచ్చి ఆ పని తీసుకుంది. ఆ గొడవ చాలా జిల్లాలకు పాకింది. కెప్టెన్ స్వింగ్ అనే పేరుతో భూస్వాములకు బెదిరింపు ఉత్తరాలు వెళ్ళేవి. అసలు అట్లాంటి కెప్టెన్ ఎవడూ లేడు. చివరికి 19 మందిని ఉరితీశారు, వందలమందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు పంపారు. ఒకే వారంలో ఒక దేశంలో ఒకడు కొత్త మిషనుకు పేటెంటు రాయించుకున్నాడు, ఇంకొకడు మిషను విరగ్గొట్టి జైలు దారి పట్టాడు. మన చరిత్ర పుస్తకంలో పారిశ్రామిక విప్లవం పాఠంలో ఆవిరి యంత్రం ఉంటుంది, మిల్లులు ఉంటాయి. చలికాలం పని పోయినవాడు తక్కువగా కనిపిస్తాడు.

తరువాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. 1832 నుంచి ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ కంపెనీ ఈ మిషన్లు చేయడం మొదలుపెట్టింది. 1840ల్లో స్కాట్లండులో షాంక్స్ అనే ఆయన గుర్రంతో లాగించే మిషను చేశాడు. గుర్రం డెక్కలు పచ్చికలో దిగకుండా వాటికి తోలు బూట్లు తొడిగేవారు. 1893లో లంకాషైర్‌లోని లేలండ్ అనే ఊళ్ళో జేమ్స్ సమ్నర్ ఆవిరి గడ్డి మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. ఇందులో తమాషా ఏమిటంటే, ఆవిరిది స్టార్ట్ కావాలంటే ముందు నీళ్ళు కాగాలి. గడ్డి కోయాలంటే ముందు పొయ్యి ముట్టించుకొని కూర్చోవాలి. అది పెద్దగా నిలవలేదు. కానీ సమ్నర్ మొదలుపెట్టిన కంపెనీ లారీలు చేస్తూ చేస్తూ 1907లో లేలండ్ మోటార్స్ అయింది. దాని పేరే మన అశోక్ లేలండ్‌లో ఉంది. చంద్రపూర్ స్టాండులో ఎర్ర ఎస్టీ బస్సు ముందు ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు గడ్డి మిషను గుర్తొస్తుంది.

1902లో రాన్సమ్స్ వాళ్ళు పెట్రోలు ఇంజన్ మిషను తెచ్చారు. అసలు చిక్కు ఇక్కడి నుంచే. పెట్రోలు ఇంజన్ తనంతట తాను మొదలు కాదు. ఎవరో ఒకరు దాన్ని బయటి నుంచి తిప్పాలి. తిప్పితే పిస్టన్ గాలినీ పెట్రోలు ఆవిరినీ లోపలికి పీల్చి, నొక్కి, నిప్పురవ్వ తగిలి మండాలి. ఆ నొక్కడమే మన చేతికి బరువుగా తగిలేది. నిప్పురవ్వ ముందుగా తగిలితే ఇంజన్ వెనక్కి తన్నుతుంది. పాత కార్లకు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పేవారు, అది వెనక్కి తన్ని చేతులు విరిగినవాళ్ళు చాలామంది.

ఇది ఎక్కడో దేశంలో సంగతి అనుకోకండి. మా తాత అదిలాబాదు జిల్లాలో ఉన్నప్పుడు బావి దగ్గర డీజిల్ ఇంజన్ ఉండేది. పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ 1946లో మొదలైంది, ఆ తరువాత అలాంటి ఇంజన్లు ఊరూరికీ వచ్చాయి. తాత నాకు చేయి చూపించి నేర్పాడు. "బొటనవేలు చుట్టుకొని పట్టుకోవద్దు. నాలుగు వేళ్ళతో పాటే ఒకే దిక్కు ఉంచాలె. తన్నితే చెయ్యి ఊడి వస్తది గని విరగది." ఇంకోటి కూడా చెప్పాడు. ఇంజన్ పైన ఒక చిన్న పిడి ఉండేదట. దాన్ని లేపితే వాల్వు తెరుచుకొని, గాలి బయటికి పోయి, హ్యాండిల్ తేలికగా తిరిగేది. వేగం పుంజుకున్నాక పిడి వదిలితే ఠక్కున అందుకునేది. ఇప్పుడు దుకాణంలో పెట్టిన మంచి పెట్రోలు గడ్డి మిషన్లలో ఈ పనే దానంతట అదే జరిగే ఏర్పాటు ఉంటోంది. తాడు గుంజేటప్పుడు వాల్వు కొంచెం తెరిచి ఉంటుంది, ఇంజన్ తిరగగానే మూసుకుంటుంది. మా తాత పిడి అది, పేరు మారింది.

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1911లో కారుకు కరెంటు స్టార్టరు చేశాడు. 1912 కాడిలాక్ కార్లలో అది వచ్చింది. దీంతో ఒక పెద్ద మార్పు జరిగింది. హ్యాండిల్ తిప్పే బలం అవసరం లేదు కనుక ఆడవాళ్ళు, ముసలివాళ్ళు సొంతంగా కారు తీయగలిగారు. కారు వేగం పెరగలేదు, చక్రాలు మారలేదు. నడిపేవాళ్ళు మారారు.

మన దేశంలో ఇదే కథ స్కూటరు మీద జరిగింది. 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. పొద్దున్నే స్టార్ట్ కాకపోతే దాన్ని ఒక పక్కకు వంచి, లేపి, కిక్కు కొట్టడం మా బాపు ఇప్పటికీ చేసి చూపిస్తాడు. అదే 1972లో లూనా వచ్చింది, దాన్ని సైకిలు లాగా తొక్కి స్టార్ట్ చేసేవారు. 1980ల్లో కైనెటిక్ హోండా బటను నొక్కితే స్టార్ట్ అయ్యేట్టు వచ్చింది. ఆ స్కూటరు మీద చీర కట్టుకొని బడికి వచ్చే టీచర్లు అప్పుడు కొత్తగా కనిపించారని బాపు అంటాడు. మన బడిలో మేడంలలో ఎంతమంది స్కూటీ మీద వస్తారో చూడండి. కిక్కు మాత్రమే ఉంటే ఎంతమంది వచ్చేవారు?

గడ్డి మిషనుకు తిరిగి వస్తాను. చిన్న ఇంజనుకు బ్యాటరీ పెట్టడం బరువు, ఖర్చు. అందుకని తాడు వచ్చింది. మొదట్లో తాడు విడిగా ఉండేది. ఇంజను పైని గిలకకు చుట్టి, బలంగా గుంజితే చేతిలోకి ఊడి వచ్చేది. స్టార్ట్ కాకపోతే మళ్ళీ చుట్టాలి, మళ్ళీ గుంజాలి. బొంగరం తిప్పినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. తరువాత లోపల చుట్ట స్ప్రింగు పెట్టి, తాడు దానంతట అదే వెనక్కి చుట్టుకునేట్టు చేశారు. తాడు గుంజితే బరువైన చక్రం తిరుగుతుంది, ఆ చక్రానికి అంటించిన అయస్కాంతం ఒక తీగచుట్ట పక్క నుంచి పోతుంది, అక్కడ పుట్టిన కరెంటే ప్లగ్గులో నిప్పురవ్వ అవుతుంది. బ్యాటరీ లేకుండా నిప్పు ఎట్లా వస్తుందని నాకు ఎప్పుడూ అనుమానం ఉండేది. పదో తరగతి సైన్సులో ఫారడే పాఠం చదివాక తీరింది.

ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర కాంకర్డ్ అనే చోట 1952లో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ అనే ఆయన తేలికైన మిషను చేశాడు. విల్లియర్స్ ఇంజనును పక్కకు పడుకోబెట్టి బిగించాడు, పెట్రోలు ట్యాంకుకు పీచు పండ్ల ఖాళీ డబ్బా వాడాడు. తన పేరులోని విక్టర్ నుంచి విక్టా అని పేరు పెట్టాడు. అది ఆ దేశంలో ఎంత ఇంటింటి వస్తువైందంటే, 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభ ఉత్సవంలో గడ్డి మిషన్లతో ఒక ప్రదర్శనే చేశారు. మిషను విరగ్గొట్టినవాళ్ళను పంపిన దేశంలోనే ఇంకో మిషను పండుగ అయింది.

స్టార్ట్ చేయడం ఎందుకంత ముఖ్యమైందో ఒక చట్టం వల్ల ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికాలో 1982 నుంచి చేసే మిషన్లకు ఒక నిబంధన పెట్టారు. చేత్తో పట్టుకున్న మీట వదలగానే 3 సెకన్లలో బ్లేడు ఆగిపోవాలి. వేళ్ళు, పాదాలు తెగిపోయేవాళ్ళు అంతమంది ఉండేవారు. మంచిదే. కానీ చాలా మిషన్లలో బ్లేడు ఆపడానికి ఇంజన్నే ఆపేస్తారు. అంటే రాయి తీయడానికి మీట వదిలితే మళ్ళీ తాడు గుంజాలి. గడ్డి బుట్ట ఖాళీ చేస్తే మళ్ళీ గుంజాలి. ఒక్క మైదానానికి ఇరవై సార్లు. తాడు గుంజడం కష్టమైతే మనిషి ఏం చేస్తాడు? మీటకు గుడ్డ కట్టేస్తాడు, ఇంజన్ ఆగకుండా. చేయి పెట్టి గడ్డి తీస్తాడు. కనుక సులువుగా స్టార్ట్ కావడం సుఖం కోసం మాత్రమే కాదు, వేళ్ళ కోసం కూడా.

ఇప్పుడు మన ఊరు. చంద్రపూర్‌కు పచ్చిక బయళ్ళు బ్రిటిష్ వాళ్ళతో వచ్చాయి. నాగపూర్ రాజ్యం వాళ్ళ చేతికి పోయాక, 1861లో సెంట్రల్ ప్రావిన్సెస్ ఏర్పడ్డాక, అప్పటి చాందాలో సివిల్ లైన్స్, బంగళాలు, వాటి ముందు గడ్డి. 1870ల్లో వరోరాలో బొగ్గు గని వచ్చింది, తరువాత బల్లార్‌పూర్, ఘుగూస్. తెలుగువాళ్ళు కొందరు ముందే ఇక్కడివాళ్ళు, సిరోంచ వైపు ఊళ్ళన్నీ తెలుగే, రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఇంకొందరు బొగ్గు కోసం, పేపర్ మిల్లు కోసం వచ్చారు, మా తాత లాగా. 1973లో గనులు ప్రభుత్వానికి వచ్చాక కాలనీలు పెరిగాయి. ఆఫీసర్ల క్వార్టర్ల ముందు పచ్చిక, కార్మికుల క్వార్టర్ల ముందు తులసి, జామచెట్టు, బీరపాదు. రెండో రకమే నాకు మంచిదనిపిస్తుంది, కాయలైనా వస్తాయి.

బడి మైదానం సంగతి వేరు. ఆడుకోవాలంటే గడ్డి కోయాల్సిందే. జూన్‌లో వానలు పడితే ఆగస్టుకు మోకాలి ఎత్తు. అందులో గరిక కన్నా వయ్యారిభామ ఎక్కువ. మరాఠీవాళ్ళు గాజర్ గవత్ అంటారు. 1955 ప్రాంతంలో పుణెలో మొదట గుర్తించారట, ఇప్పుడు దేశమంతా అదే. తాకితే దురద. దాంట్లో పాములు కూడా.

మన బడిలో ఆ గడ్డి కోసేది ఆయా అత్త. మేమందరం అత్తా అనే పిలుస్తాం. నా పుట్టుకకు ముందు నుంచీ ఉంది. వాకిళ్ళు ఊడ్చేది, నీళ్ళు పట్టేది, వానాకాలంలో గడ్డి కోసేది ఆమే. గడ్డి కోసినన్ని రోజులు ఆమెకు కొంచెం కూలి వేరుగా వస్తుంది. వినాయక చవితికి ముందు గరిక ఉన్న మూల మాత్రం కోయకుండా వదిలేస్తుంది, మేము గణపతికి 21 పోచలు తెంపుకోవడానికి.

పోయిన ఏడు ఎవరిదో పాత పెట్రోలు మిషను కొన్నాళ్ళకు తెచ్చారు. అత్త తాడు గుంజింది. సగం వరకు వచ్చి ఆగింది. మళ్ళీ గుంజింది. నాలుగోసారికి భుజం పట్టుకొని కూర్చుంది. పదో తరగతి అన్నలు వచ్చి గుంజితే ఎనిమిదోసారికి భగ్గుమంది. అత్త బాగానే నడిపింది, వరసలు గీత గీసినట్టు వచ్చాయి. మధ్యలో రాయి తగిలి ఆగిపోయింది. అన్నలు క్లాసులో ఉన్నారు. మిషను వేడిగా ఉంటే ఇంకా మొండికేస్తుంది, పెట్రోలు కార్బొరేటరులోనే ఆవిరైపోతుందని మెకానిక్ చెప్పాడు. మన చంద్రపూర్ ఎండకు అది మామూలే. అత్త మిషను పక్కన కూర్చొని, కొడవలి తీసి కోసుకుంది. మరుసటి వారం మిషను నడపడానికి బయటి నుంచి ఒక మగ కూలీని పిలిచారు. ఆ వారం కూలి అతనికి పోయింది.

నేను 1830 గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే. మిషను ఆమె పని తీసుకోలేదు. ఆమెకు మిషను నడపడం వచ్చింది. ఆ తాడు తీసుకుంది.

కమిటీ పెద్దలకు నేను చెప్పదలచుకున్నవి ఇవి. బడ్డింగ్ రకం తోసే మిషను ఇప్పుడు తేలికగా దొరుకుతుంది, స్టార్ట్ చేసే బాధే లేదు. కానీ పొడుగు గడ్డి దాని కింద వంగిపోతుంది, తెగదు. వారం వారం కోస్తేనే పనికొస్తుంది. బడి ముందున్న చిన్న పచ్చికకు అది చాలు. పెద్ద మైదానానికి పెట్రోలుది అయితే తాడు దానంతట తేలికయ్యే రకం చూడాలి, తాడు పిడి కింద ఇంజను దగ్గర కాకుండా పైన, చేతి దగ్గర ఉండాలి, అప్పుడు నడుము వంచకుండా గుంజవచ్చు. వానాకాలం అయ్యాక ట్యాంకులో పెట్రోలు మిగల్చకూడదు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకొని కార్బొరేటరును పాడు చేస్తుంది, మళ్ళీ జూన్‌లో ఎంత గుంజినా రాదు. చాలామంది మిషనును తిడతారు, తిట్టాల్సింది ఎనిమిది నెలల పాత పెట్రోలును. కరెంటుదైతే బటను నొక్కి మీట పట్టుకుంటే చాలు, కానీ తడి గడ్డిలో తీగ ప్రమాదం, షాకు కొడితే వెంటనే ఆపే స్విచ్చు బోర్డులో తప్పకుండా ఉండాలి. పైగా దేశానికి కరెంటు ఇచ్చే జిల్లాలో ఉంటూ మనకు గాలివానకు కరెంటు పోతుంది, అది వేరే వ్యాసం. బ్యాటరీది అన్నిటికన్నా సులువు, ధర ఎక్కువ.

ఏది కొన్నా, దుకాణంలో చల్లగా ఉన్నప్పుడు అమ్మేవాడు గుంజి చూపిస్తే సరిపోదు. పావుగంట నడిపి, వేడెక్కాక ఆపి, నిమిషం ఆగి, అప్పుడు గుంజాలి. గుంజాల్సింది కూడా అత్తే. ఈ మాట నేను హెడ్మాస్టర్ సార్‌కు చెప్పాను. సార్ కాసేపు ఆలోచించి, దుకాణానికి పోయే రోజు అత్తను జీపులో కూర్చోబెట్టుకొని పోదామన్నారు. అత్తకు చెబితే ఆమె ముందు అడిగింది ఒక్కటే.

"గరిక మూల ఇడిచిపెట్టి కోస్తదారా అది?"